గుర్రాల్లో కోడె ఏది, పెయ్య ఏది?

ప్రశ్న: సార్, రిటైరయ్యాక మా నాన్నగారికి మలక్‌పేట రేసుల పేజీ చదివే అలవాటైంది, పందెం కాయరు లెండి, ఊరికే చదువుతారు. అందులో కోల్ట్, ఫిల్లీ, మేర్, గెల్డింగ్ అని ఉంటే ఏంటమ్మా ఇవన్నీ అన్నారు, అన్నీ గుర్రాలే కదా నాన్నా అన్నాను, నవ్వేశారు. వీటికి తెలుగులో మాటలే లేవా?
– ఒక పాఠకురాలు, సికింద్రాబాద్

జవాబు: ఆయన నవ్వడంలో తప్పులేదమ్మా. పాకలో ఆవు ఈనిందంటే మనం ముందు అడిగేది కోడెదూడా పెయ్యదూడా అనే కదా, గుర్రాల వాళ్ళకీ అదే లెక్క. పాలు తాగే పిల్ల ఫోల్, అంటే మన లేగదూడ. తల్లి పదకొండు నెలలు మోసి కంటుంది, పుట్టిన గంటా రెండు గంటల్లోనే ఆ పుల్లల్లాంటి కాళ్ళ మీద వణుక్కుంటూ లేచి పొదుగు వెతుక్కుంటుంది. కోల్ట్ అంటే కోడె, ఫిల్లీ అంటే పెయ్య, రేసుల్లో ఐదేళ్ళు నిండేదాకా ఇవే పేర్లు, తర్వాత ఆడదైతే మేర్. మగదాన్ని విత్తనానికి ఉంచితే స్టాలియన్, మన ఆంబోతన్నమాట. విత్తులు తీయిస్తే గెల్డింగ్, అంటే ఎద్దు.

అందరూ తికమకపడేది ఈ గెల్డింగ్ దగ్గరే, ఎందుకంటే ఇది వయసుని బట్టి వచ్చిన పేరు కాదు, రెండేళ్ళప్పుడు తీయించినా పదేళ్ళప్పుడు తీయించినా గెల్డింగే. పక్కన ఆడగుర్రం కనిపిస్తే చాలు మాట వినని మగది, ఆ తర్వాత కాస్త కుదురుగా ఉంటుందని చేయిస్తారు. ఇంగ్లండ్‌లో 1780లో మొదలైన ఎప్సమ్ డెర్బీకి మాత్రం గెల్డింగులని రానివ్వరు, మంచి విత్తనం ఏదో తేల్చే పందెంలో దానికేం పని అని. ఫిల్లీలు డెర్బీలో పరిగెత్తొచ్చు, కాకపోతే వాటి మీద బరువు కాస్త తగ్గిస్తారు. ఓక్స్ అని ఇంకో పందెం ఉంది, అది అచ్చంగా ఫిల్లీలకే.

ఇంకో విచిత్రం చెప్పండి నాన్నగారికి. రేసు గుర్రాలన్నిటికీ మన దేశంలో పుట్టినరోజు జనవరి 1నే, ఏప్రిల్‌లో పుట్టినా సరే కొత్త సంవత్సరం రాగానే ఏడాది వయసు వేసేస్తారు.

ఇక మాటలు లేవా అంటే, ఉన్నాయి, మనం వాడటం మానేశాం. ఆడగుర్రాన్ని గోడిగ అనేవాళ్ళు, సంస్కృతంలో వడవ, అదే మన బడబ, సముద్రంలో బడబాగ్ని అంటాం చూడండి, ఆ నిప్పు ఆడగుర్రం మొహంతో ఉంటుందని కథ. కిశోరం అంటే అమరకోశంలో గుర్రపు పిల్లే, మనం మాత్రం సింహకిశోరం అని సింహాలకి అంటగట్టాం. నాకు తోచింది చెప్తున్నా, ఊళ్ళలో ఇంటింటా పశువులుండేవి కాబట్టి పెయ్య, పడ్డ, కోడె, ఆంబోతు అన్నీ నాలుక మీద నిలిచాయి, గుర్రం దొర గడీలోనో సైన్యంలోనో ఉండేది, మనకెందుకు దాని పెయ్యా కోడే.

ప్రశ్న: గుర్రం వయసు పళ్ళు చూసి చెప్పేస్తారంట, నిజమేనా?
– ఇంకో పాఠకుడు, నంద్యాల

జవాబు: నిజమే, కాకపోతే చిన్న వయసులోనే నమ్మకంగా చెప్పగలరు. ముందు పళ్ళలో నడిమి జత రెండున్నరేళ్ళకి ఊడి కొత్తవి వస్తాయి, వాటి పక్క జత మూడున్నరకి, చివరి జత నాలుగున్నరకి, ఐదేళ్ళకి నోరు నిండుతుంది. ఆ తర్వాత అరుగుదల చూసి అంచనా వేయడమే, ముసలిదాన్ని వయసులో ఉందని చెప్పి అంటగట్టే బేరగాళ్ళ ఆట మొదలయ్యేదీ అక్కడే. అన్నట్టు ముందు పళ్ళకీ దవడ పళ్ళకీ మధ్య ఖాళీలో మగదానికి కోరపళ్ళు నాలుగుంటాయి, ఆడవాటిలో చాలావాటికి ఉండవు, కళ్ళెం ఇనుము కూర్చునేది ఆ ఖాళీలోనే.