డాక్టర్ సలహా: ‘ఈటెడ్’ అంటోంది... భాషలు ఎక్కువై తికమకపడుతోందా?

ప్రశ్న: మేం సింగపూర్‌లో ఉంటాం. ఇంట్లో తెలుగే. పాపకు ఏడేళ్లు, ఒకటో తరగతి. బడిలో ఇంగ్లిష్, చైనీస్ నేర్చుకుంటోంది. ఇంగ్లిష్‌లో ఒకసారి ‘ఎస్టర్డే ఐ గో’ అంటుంది, ఇంకోసారి ‘ఈటెడ్’, ‘టూ ఫుట్స్’ అంటుంది. చైనీస్ మాటలు మాత్రం త్వరగానే పట్టేస్తోంది. తెలుగు మానిపించమని బంధువులు అంటున్నారు. స్పీచ్ థెరపీ అవసరమా?

జవాబు: తెలుగు మానిపించకండి. ఎక్కువ భాషలు వినడం వల్ల మాట వెనకబడదు. మీరు రాసినదాన్ని బట్టి థెరపీకి తొందర కూడా కనిపించడం లేదు. వినికిడి పరీక్ష మాత్రం ఒకసారి చేయించండి.

మాటను ముక్కలుగా విడదీసి, ఏ ముక్క ఏ అర్థం ఇస్తుందో గమనించే నేర్పు పిల్లల్లో మెల్లగా పెరుగుతుంది. చైనీస్, ఇంగ్లిష్ కలిపి నేర్చుకునేవాళ్లలో ఇది రెండు వేర్వేరు వేగాలతో సాగుతుంది. చైనీస్‌లో చాలా మాటలు సమాసాలే. ‘ద్యెన్’ అంటే కరెంటు. దానికి ‘హ్వా’ (మాట) చేరిస్తే ఫోన్, ‘నావ్’ (మెదడు) చేరిస్తే కంప్యూటర్, ‘యింగ్’ (నీడ) చేరిస్తే సినిమా. కిటుకు దొరికాక పిల్లలు కొత్త మాటల అర్థం వాళ్లే ఊహిస్తారు. అక్కడే ఒక చిక్కూ ఉంది. ‘షూద్యెన్’ అంటే పుస్తకాల షాపు. అందులోని ‘ద్యెన్’ అంటే షాపు. పలుకు అదే, స్వరమూ (గొంతు ఎత్తుపల్లం) అదే, రాసే అక్షరం మాత్రం వేరు. పుస్తకాల షాపుకూ కరెంటుకూ పిల్లలు ముడిపెడితే కంగారు పడకండి, రెండు అక్షరాలూ పక్కపక్కన రాసి చూపించండి.

క్రియ చివర ‘ఎడ్’ చేర్చి భూతకాలం చెప్పే పద్ధతి చైనీస్‌లో లేదు. పైగా చైనీస్ పలుకులు చాలావరకు అచ్చుతోనో, ‘న్’, ‘ంగ్’ ధ్వనులతోనో ఆగిపోతాయి. తెలుగు మాటలూ ఎక్కువగా అచ్చుతోనే ముగుస్తాయి. అలాంటి చెవికి ‘వాక్‌ట్’ (walked) చివరి ‘ట్’ అంత తేలిగ్గా అందదు. సింగపూర్ వాడుక ఇంగ్లిష్‌లో పెద్దవాళ్లు కూడా ‘ఎస్టర్డే ఐ గో’ అంటారు కాబట్టి పాప విన్నదే చెబుతోంది.

‘ఈటెడ్’ వింటే నాకైతే సంతోషమే. ఆ మాట ఎవరూ నేర్పలేదు, సూత్రాన్ని తనే పట్టుకుంది. 1958లో జీన్ బెర్కో అనే భాషా పరిశోధకురాలు పిల్లలకు ‘వగ్’ అనే లేని మాట చెప్పి, రెండు ఉంటే ఏమంటారని అడిగింది. చాలామంది ‘వగ్స్’ అన్నారు. ‘టాస్’ లాంటి లేని మాటను ‘టాసెస్’ అనాల్సిన చోట మాత్రం ఏడేళ్లలోపు పిల్లలు ఎక్కువగా తడబడ్డారు. మీరు ఇంట్లో అడిగేటప్పుడు ‘స్’తో ముగిసే మాటలు వద్దు.

ఇంట్లో చూసుకోవడానికి మూడు రకాల ప్రశ్నలు చాలు. లంచ్ పెట్టేది లంచ్ బాక్స్ అయితే, ఆకులు దాచేదాన్ని ఏమంటావు? ‘లీఫ్ బాక్స్’ అంటే సరే. ‘బాక్స్ లీఫ్’ అంటే ముక్కల వరస ఇంకా పట్టుబడలేదు. చైనీస్‌లోనూ అసలు వస్తువు పేరు చివరే వస్తుంది కనుక ఈ నేర్పు ఒక భాష నుంచి మరో భాషకు సాయపడుతుంది. తర్వాత ‘వగ్’ లాంటి రెండు లేని మాటలు అడగండి. మూడోది: టీచర్, సింగర్, కార్నర్‌లలో ఏది వేరు? టీచ్ చేస్తే టీచర్, సింగ్ చేస్తే సింగర్, ‘కార్నర్’ అలా పుట్టిన మాట కాదు. ఇది ఏడేళ్లకు చెప్పలేకపోయినా ఫర్వాలేదు. ప్రత్యయాలతో కొత్త మాటలు కట్టే నేర్పు మూడో తరగతి దాటాకా పెరుగుతూనే ఉంటుంది.

రోజుకు పది నిమిషాలు, వారానికి రెండు మూడు మాటల కుటుంబాలు చాలు. తెలుగులో వంటగది, పడకగది, కొబ్బరినూనె, నువ్వులనూనె. అదే ఆట ఇంగ్లిష్‌లో, చైనీస్‌లో ఆడించండి. ‘ఐ ఈటెడ్’ అంటే తప్పు అనకండి. ‘అవునా, యూ ఏట్ ఇట్ ఆల్?’ అని మీరు సరిగ్గా అని ముందుకు సాగండి. మళ్లీ చెప్పమని నిలబెడితే పిల్లలు మాట్లాడటమే తగ్గిస్తారు.

వినికిడి పరీక్ష ఎందుకంటే, జలుబు తర్వాత కర్ణభేరి వెనక నీరు చేరితే సన్నని ‘స్’, ‘ట్’ శబ్దాలు జారిపోవచ్చు. ఆడియోమెట్రీతో (ఎంత వినిపిస్తోందో కొలిచే పరీక్ష) పాటు టింపనోమెట్రీ (కర్ణభేరి కదలికను చూసే పరీక్ష) కూడా అడగండి. నీరు చాలావరకు మూడు నెలల్లో దానంతటదే తగ్గుతుంది. తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించండి.

ఇబ్బంది ఒక్క ఇంగ్లిష్‌లోనే ఉంటే అది అలవాటు చాలకే. తెలుగులో కూడా బడిలో జరిగింది వరసగా చెప్పలేకపోయినా, ‘బ్యాగ్ లోపల పెట్టి బాటిల్ తీసుకురా’ లాంటి రెండు పనులు కలిపి చెబితే చేయలేకపోయినా, ఇంట్లో ఎవరికైనా డిస్లెక్సియా (చదవడం, రాయడంలో ఇబ్బంది) ఉండి పాప చదువులో వెనకబడుతున్నా ఆగకుండా స్పీచ్ థెరపిస్ట్‌ను కలవండి. ఒక్క ఇంగ్లిష్ పరీక్షతో తేల్చేయనివ్వకండి. వెళ్లేముందు మూడు భాషల్లోనూ పాప మాట్లాడుతుండగా ఐదేసి నిమిషాలు ఫోన్‌లో రికార్డు చేసి వెంట తీసుకెళ్లండి.