ఊరికి నెట్ వస్తే సాగు బాగుపడుతుందా?

నెట్ ఒక్కటే వస్తే పెద్దగా ఏమీ మారదు. రైతుకు కావాల్సింది తన చేనుకు సరిపడే సలహా, అదీ సమయానికి. దీనికి మన దగ్గరే మంచి ఉదాహరణ ఉంది: హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ 2004లో వరంగల్ జిల్లా పత్తి రైతులతో మొదలుపెట్టిన ‘ఈ-సాగు’ (eSagu) అనే సాగు సలహా పథకం.

అందులో రైతు కంప్యూటర్ ముట్టుకోనక్కర్లేదు. చదువుకున్న స్థానిక రైతులే సమన్వయకర్తలుగా ప్రతి చేనుకూ క్రమం తప్పకుండా వెళ్లి, ఆకులూ కాయలూ పురుగులూ ఫోటోలు తీసేవారు. అప్పటి పల్లె నెట్‌కు అన్ని ఫోటోలు పంపే శక్తి ఎక్కడిది? అందుకే సీడీల్లో పెట్టి పార్సిల్ చేసేవారు! హైదరాబాద్‌లో వ్యవసాయ నిపుణులు వాటిని చూసి, ఆ చేను పాత వివరాలతో పోల్చి సలహా రాసేవారు. అక్షరాలే కాబట్టి అది నెట్‌లో తేలిగ్గా ఊరికి చేరేది. సమన్వయకర్త దాన్ని రైతుకు అందించి వివరించేవాడు.

రైతు అడగకముందే సలహా రావడం ఇందులో అసలు విశేషం. తెగులు ముదిరాక అడిగితే మందు ఖర్చే మిగులుతుంది. ఇప్పుడు ఫోటో వాట్సాప్‌లో క్షణంలో వెళ్తుంది, నిజమే. కానీ అవతల చూసి జవాబిచ్చే నిపుణుడు, ఇవతల చేనుగట్టుకు వెళ్లే మనిషి లేకపోతే ఆ వేగం దేనికి?