స్పితి ట్రిప్పుకి వాకీటాకీలు: ఏవి కొనాలి, లైసెన్స్ కావాలా?

నాలుగు బండ్లలో హైదరాబాద్ నుంచి హిమాచల్‌లోని స్పితి లోయకి వెళ్తున్నాం, ఆన్‌లైన్‌లో రెండు వేలకే దొరుకుతున్న 5 వాట్ల సెట్లు తీసుకోవచ్చా అని అడిగారు కదా. వద్దు బ్రదర్, నేను తీసుకుని నాలుక కరుచుకున్నవాణ్ణే.

మొదటి ట్రిప్పుకి ముందు అలాంటి జత ఒకటి కొని, శామీర్‌పేట దగ్గర ఇద్దరం రెండు బండ్లలో ఎక్కి "హలో హలో" అనుకుంటూ తెగ మురిసిపోయాం. హామ్ (సరదాకి నడిపే అమెచ్యూర్ రేడియో) లైసెన్స్ ఉన్న ఫ్రెండ్ ఒకడు స్క్రీన్ చూసి, "ఈ ఫ్రీక్వెన్సీ నీకెవరిచ్చార్రా?" అన్నాడు. ఎవరూ ఇవ్వలేదు, ఫ్యాక్టరీలో ఏది పెట్టి పంపారో అదే. అది ఇంకెవరికో కేటాయించినది కావచ్చు. పైగా లైసెన్స్ అవసరమైన సెట్‌ని వాడకుండా డిక్కీలో పడేసి ఉంచినా తప్పే అని అప్పుడే తెలిసింది. వెంటనే రిటర్న్ పెట్టాను.

మన దేశంలో లైసెన్స్ లేకుండా వాడుకోవాలంటే 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే అర వాట్ హ్యాండ్‌సెట్లు తీసుకోండి, 2018 నాటి రూల్స్‌లో వీటికి మినహాయింపు ఉంది. 27 మెగాహెర్ట్జ్ సిటిజన్ బ్యాండ్‌కీ మినహాయింపు ఉంది కానీ ఆ సెట్లు ఇక్కడ దొరకడం కష్టం, దొరికినా సరిగ్గా పనిచేయాలంటే బారెడు యాంటెన్నా కావాలి. 'లైసెన్స్ ఫ్రీ' అని అమ్మేవాళ్లు దేనిమీదైనా రాసేస్తారు, దాన్ని నమ్మకండి. ఫ్రీక్వెన్సీ ఎంతో, ఈటీఏ సర్టిఫికెట్ (ఆ రకం పరికరానికి టెలికం శాఖ ఇచ్చే ఆమోదం) ఉందో లేదో అడగండి. ఈ వివరాలు అమ్మకం పేజీలోనే చూపించాలని 2025లో వినియోగదారుల పరిరక్షణ సంస్థ గైడ్‌లైన్స్ కూడా ఇచ్చింది.

అర వాట్ ఏం సరిపోతుంది అనుకుంటారు, నేనూ అనుకున్నాను. స్పితిలో లోసర్ ఊరు దాటి కుంజుమ్ కనుమ ఎక్కేటప్పుడు, ముందు బండి కళ్లకు కనిపిస్తున్నంతసేపూ మాట స్పష్టంగా వినిపించింది, అదే కొండ మలుపు తిరిగిందంటే కొన్ని వందల మీటర్లకే గరగర. అక్కడ 5 వాట్లు ఉన్నా పెద్దగా ఒరిగేదేమీ లేదు, ఈ తరంగాలు కొండను చీల్చుకుని పోవు. అందుకే ప్రతి మలుపు దగ్గరా వెనక బండి కనిపించేదాకా ఆగాం. సెట్‌ని గేర్ పక్కన కప్ హోల్డర్‌లో పెడితే చుట్టూ రేకే, కిటికీ దగ్గర నిలువుగా పట్టుకుంటే తేడా మీకే తెలుస్తుంది.

అసలు తంటా అంతా మాట్లాడటంలోనే ఉంది. కనుమ దిగి బాతల్ దాటాక ఒక వాగులో, మధ్యాహ్నానికి మంచు కరిగి నీళ్లు పెరిగాయి, ముందు దాటిన మా బావ వెనక బండికి దారి చెబుతున్నాడు. నీళ్లకింద బండరాయి ఉంది, "ఎడమకి రావద్దు" అన్నాడు, కంగారులో మాట పూర్తికాకముందే బటన్ వదిలేశాడు. వెనకవాళ్లకి వినపడింది "ఎడమకి రా". వచ్చారు! సైడ్ స్టెప్ వంగింది, అంతటితో సరిపోయింది. మన భాషలో 'వద్దు', 'లేదు' అన్నీ చివర్లోనే వస్తాయి కదా, అందుకని ఆ రోజు నుంచి మా రూల్ ఏంటంటే వద్దు అనే మాటే వాడకూడదు, "కుడికి, కుడికి" అని చేయాల్సిందే రెండుసార్లు చెప్పాలి. బటన్ నొక్కి ఒక్క క్షణం ఆగి మొదలుపెట్టండి, మాట అయిపోయాక వదలండి. సెట్ డ్రైవర్ చేతిలో కాదు, పక్క సీట్లో ఉండాలి (మా బండిలో మా ఆవిడ, ఆవిడ చెబితే ఎదురు మాట్లాడేవాడే లేడు). ఇంకోటి, 'ప్రైవసీ కోడ్' పెట్టుకున్నాం కదా అని ఇంటి సంగతులు మాట్లాడకండి, ఆ కోడ్ పక్కవాళ్ల గోల మీకు వినపడకుండా చేస్తుందంతే, మీ మాటలు మాత్రం అందరికీ వినిపిస్తాయి.

ఎక్కువ పవర్ కావాలంటే హామ్ లైసెన్స్ తీసుకోండి. అందులో కింది స్థాయి అయిన రిస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కి మోర్స్ (టకటక చుక్కలు, గీతల కోడ్) పరీక్ష లేదు, 1983 నుంచి ఉన్న అమెచ్యూర్ రేడియో ఇన్‌స్టిట్యూట్ మన హైదరాబాద్‌లోనే ఉంది. కాకపోతే బండికొకరు చొప్పున పాస్ అవ్వాలి, నెల రోజుల్లో బయల్దేరేవాళ్లకి కుదిరే పని కాదు.

శాటిలైట్ ఫోన్ గానీ, శాటిలైట్ మెసేజ్ పరికరం గానీ అమెరికా నుంచి ఎవరైనా తెచ్చిస్తామన్నా ఒప్పుకోవద్దు, టెలికం శాఖ అనుమతి లేకుండా దగ్గరుంటే కేసే, అందులోనూ మీరు వెళ్లేది సరిహద్దు వైపు. చలికి బ్యాటరీ తొందరగా దిగిపోతుంది, రాత్రి సెట్లు బండిలో వదలకుండా రగ్గులోకి తీసుకుని పడుకోండి.