ఎనిమిదేళ్ల పాపని కచేరీకి తీసుకెళ్లొచ్చా? తీసుకెళ్లండి, మృదంగం వైపు కూర్చోబెట్టండి

మీరు రెండు విషయాలు అడిగారు. యూట్యూబ్‌లో ఇన్ని కర్ణాటక సంగీత కచేరీలు ఊరికే దొరుకుతుంటే పిల్లల్ని సభ దాకా లాక్కెళ్లడం దేనికన్నది ఒకటి. తీసుకెళ్తే పాప పది నిమిషాలకే "ఇంటికెళ్దాం" అని గొడవ చేస్తోంది, ఏం చెయ్యాలన్నది ఇంకొకటి. మా ఇంట్లో ఇద్దరు పిల్లలు. ఇద్దరితోనూ ఈ గొడవ పడ్డాను కాబట్టి రెండోదే ముందు చెప్తాను.

విసుగు రావడంలో పాప తప్పేమీ లేదు. కార్డులో ఆరు గంటలని వేస్తారు. ఆరున్నరకి జ్యోతి ప్రజ్వలన, తర్వాత ముఖ్య అతిథి గారి ప్రసంగం, శాలువా, జ్ఞాపిక, ఫొటోలు. కచేరీ మధ్యలో ఆపి మరీ సన్మానం చేసే నిర్వాహకులూ ఉన్నారు. ఆ టైములో పెద్దవాళ్లమే ఫోన్లు తీస్తాం, పిల్లలు ఊరుకుంటారా? అందుకే నేను కావాలనే ఆలస్యంగా తీసుకెళ్తాను. మొదట్లో పాడే వర్ణం పోయినా పర్లేదు. రెండు, రెండున్నర గంటల కచేరీలో అన్నిటికంటే విస్తారంగా పాడే ప్రధాన కృతి సగం దాటాకే వస్తుంది, దాని వెనకే తని ఆవర్తనం, అంటే మృదంగం లాంటి తాళవాద్యాలు మాత్రమే మోగే భాగం. ఆ కాస్త భాగం అందేలా వెళ్లి, తని అయ్యాక లేచి వచ్చేసినా సరే. అయితే పాట మధ్యలో లేవొద్దు, చప్పట్లు కొట్టేటప్పుడు లేవండి.

ఎక్కడ కూర్చున్నామన్నది మరీ ముఖ్యం. వెనక వరసలో కూర్చుంటే వేదిక మీద నలుగురు మనుషులు చిన్నగా కనబడతారు, మైకులోంచి పెద్ద మోత వినబడుతుంది, అంతే. ముందు వరసల్లో, మనకి ఎడమ చేతివైపు కూర్చోండి. మృదంగం సాధారణంగా అటే ఉంటుంది. (ఎడమచేతి వాటం విద్వాంసులైతే అటుదిటు అవుతుంది.) పిల్లలకి చూడటానికి అక్కడ బోలెడంత పని జరుగుతుంటుంది. తడిపిన బొంబాయి రవ్వ ముద్ద చేసి మృదంగానికి ఎడమవైపు అద్దుతారు. కుడివైపు అంచుల మీద రాయితో కొట్టి శ్రుతి సరిచేస్తారు. "ఉప్మా రవ్వేనా?" అని మా అమ్మాయి అడిగింది. ఉప్మా రవ్వే. ఆ రోజు తను విన్న రాగాలేవీ గుర్తులేవు గానీ, రవ్వ అద్దాక ఆ పక్క గుమ్మని మోగడం గుర్తుంది. మొదటిసారికి అది చాలు.

ఇక యూట్యూబ్ సంగతి. మా అబ్బాయి ఒక కచేరీలో రాగాలాపన (మాటల్లేకుండా రాగాన్ని పాడటం) నడుస్తుండగా ముందు వరస వాళ్లు వెనక్కి తిరిగి చూసేంత గట్టిగా, "అమ్మా, వయొలిన్ ఆవిడ కాపీ కొడుతోంది" అన్నాడు. నాకు సిగ్గేసింది కానీ వాడు పట్టుకున్నది సరైన పాయింటే. గాయకుడు ఒక సంచారం, అంటే రాగంలో ఒక చిన్న పోకడ, వదలగానే వయొలిన్ దాని తోక పట్టుకుని వెంట నడుస్తుంది. ఆయన ఏం పాడబోతున్నాడో ఆవిడకి ముందు తెలియదు. అప్పటికప్పుడు స్వరాలు అల్లి పాడే కల్పనస్వరాల దగ్గరికి వచ్చేసరికి వాడికి ఆట అర్థమైపోయింది. ఆయన పాడింది ఆవిడ తిరిగి అప్పజెప్పాలి, మృదంగం ఆయన ఇద్దరినీ కనిపెట్టుకుని ఉండాలి, అందరూ కలిసి పల్లవి ఎత్తుగడకి వచ్చి పడాలి. పడగానే ముగ్గురి ముఖాల్లోనూ నవ్వు. రికార్డింగులో ఇదంతా ఉండదని కాదు. కెమెరా ఎవరిని చూపిస్తే వాళ్లనే చూస్తాం. జవాబు చెప్పేవాళ్ల ముఖం కనిపిస్తుంది, వింటున్నవాళ్ల ముఖం తప్పిపోతుంది. కచేరీ సగం ఆ వినడంలోనే ఉందని నా అభిప్రాయం.

ఇంటి దగ్గర ఒక్క పని చేయండి. ఆది తాళం వేయడం నేర్పండి. ఒక దెబ్బ, చిటికెన వేలు నుంచి మూడు వేళ్లు, మళ్లీ దెబ్బ, చెయ్యి తిప్పడం, దెబ్బ, చెయ్యి తిప్పడం. మొత్తం ఎనిమిది. పక్కనున్న మామ్మ గారు, వేదిక మీది గాయకుడు, తను, అందరి చేతులూ ఒకేసారి తిరుగుతున్నాయని తెలిశాక పిల్లలు కదలరు. తని ఆవర్తనంలో మృదంగం ఎన్ని లెక్కలు వేసినా చేతిలో తాళం తప్పకుండా నిలబెట్టడం వాళ్లకి పెద్ద పందెం.

మన పిల్లలకి ఇంకో సుళువు ఉంది, దాన్ని మనమే వాడుకోం. సాహిత్యం చాలావరకు తెలుగు. చెన్నై సభల్లో కూర్చునే పిల్లల్లో చాలామందికి అర్థం ఎవరో చెప్పాలి, మనవాళ్లకి సగం తెలుసు. హంసనాదం రాగంలో త్యాగరాజు "బంటురీతి కొలువు" తీసుకోండి. రాముడి దగ్గర బంటు ఉద్యోగం కావాలంటాడు. ఒళ్లు గగుర్పొడవడమే కవచమట, రామభక్తుడు అన్నది ముద్రబిళ్ళట, రామనామమే కత్తట. యూనిఫాం, బ్యాడ్జి, కత్తి! ఎనిమిదేళ్లవాళ్లకి ఇంతకంటే ఏం కావాలి? ఫోను ఇక్కడ పనికొస్తుంది. ఇలాంటి కృతులు రెండుమూడు కారులోనో, అన్నం తినేటప్పుడో వినిపిస్తూ ఉండండి. సభలో వాటిలో ఏదో ఒకటి ఎత్తుకున్నారంటే "ఇది మనదే" అని మోచేత్తో పొడుస్తారు.

ఎక్కడికెళ్లాలంటే, హైదరాబాదులో చిక్కడపల్లి త్యాగరాయ గానసభ, రవీంద్రభారతి, విశాఖలో కళాభారతి కార్యక్రమాల మీద ఓ కన్నేసి ఉంచండి. విజయనగరంలో ఉంటే మహారాజా సంగీత కళాశాల వాళ్ల కార్యక్రమాలు వదలకండి. 1919లో పెట్టిన కళాశాల అది, మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు. నన్నడిగితే వీటన్నిటికంటే నవరాత్రులకీ శ్రీరామనవమికీ గుళ్లో, పందిట్లో పెట్టే కచేరీలు పిల్లలకి మేలు. లేచి తిరగొచ్చు, మళ్లీ వచ్చి కూర్చోవచ్చు, ఎవరూ ఏమీ అనరు. మైకు లేకుండా ఎవరింటి హాల్లోనైనా పాడుతున్నారని తెలిస్తే ఆ అవకాశం అస్సలు వదులుకోకండి.

సంగీతం క్లాసులో చేర్పించాలా అని కూడా కొందరు అడుగుతుంటారు. అడిగితే చేర్పించండి, అడగకపోతే శ్రోతగానే ఉండనివ్వండి. బాలమురళీకృష్ణ గారు ఎనిమిదేళ్లకే కచేరీ చేశారని పిల్లల ముందు మాత్రం అనకండి. మా మామయ్య గారు ఆ మాట అన్న తర్వాత మావాడు కొన్నాళ్లు సభ పేరెత్తితే చాలు, కడుపునొప్పి అనేవాడు.

అమెరికాలో ఉన్నవాళ్లకి క్లీవ్‌లాండ్ త్యాగరాజ ఆరాధన ఉంది, 1978 నుంచి జరుగుతోంది. ఇక్కడ ఉన్నవాళ్లు త్యాగరాజు ఆరాధన జరిగే పుష్య బహుళ పంచమి చూసుకోండి. జనవరిలోనో ఫిబ్రవరిలోనో వస్తుంది. ఆ రోజుల్లో మన పట్నాల్లో చాలాచోట్ల ఆయన పంచరత్నాలు, అంటే అయిదు పెద్ద కృతులు, అందరూ కలిసి గోష్ఠిగా పాడతారు. సాహిత్యం అచ్చువేసుకుని తీసుకెళ్లి పాప చేతిలో పెట్టండి, వేలుపెట్టి చూసుకుంటూ పోతుంది. అయిదూ అయ్యేసరికి గంట పైనే పడుతుంది. మొదటిదైన నాట రాగం కృతి అయ్యి, గౌళ రాగంలో రెండోది "దుడుకుగల" సాగుతుండగా పిల్లలకి కాళ్లు తిమ్మిరెక్కుతాయి. బయట కాసేపు తిప్పి, పులిహోర పెడుతుంటే తినిపించి, చివరిదైన "ఎందరో మహానుభావులు" మొదలయ్యే వేళకి లోపలికి తెచ్చేయండి.