దేనికి, ఎవరి వల్ల: ఒక యువ రచయితకు లేఖ

హైదరాబాద్

చిరంజీవికి ఆశీస్సులు.

మూసీ ఒడ్డు బస్తీల మీద ఇంగ్లీషులో రాసి నువ్వు పంపిన నివేదికను ఆసాంతం చదివాను. చాదర్‌ఘాట్ దిగువన ఇల్లిల్లూ తిరిగి రాశావని తెలుస్తూనే ఉంది. విషయంలో లోటు లేదు. ఒకదాని ఫలితంగా మరొకటి జరిగిందని చెప్పేచోట, మనుషులు ఆపదకు తేలిగ్గా లోనయ్యే స్థితిలో ఉన్నారని చెప్పేచోట మాత్రం వాక్యం నీ చేతికి లొంగడం లేదు.

ముందు 'వల్నరబుల్' సంగతి చూద్దాం. ఆ మాట నీ నివేదికలో పేజీ పేజీకీ ఉంది గానీ, దాని వెనక ఉండవలసిన 'టు' చాలాచోట్ల లేదు. 'ఈ కుటుంబాలు వల్నరబుల్' అని ఆపేస్తే అదేదో వాళ్లకు పుట్టుకతో వచ్చిన లక్షణంలా ధ్వనిస్తుంది. దేనికి వల్నరబుల్? వరదకా, నీళ్లు తీసిన తరువాత వచ్చే రోగాలకా, ఇల్లు ఖాళీ చేయమని వచ్చే నోటీసుకా? ఒక్కోదానికి నివారణ ఒక్కోలా ఉంటుంది కాబట్టి ఆ సంగతి చెప్పకుండా నివేదిక ముందుకు సాగదు. 'టు' తరువాత నామవాచకం రావాలి, లేదా క్రియకు 'ఇంగ్' చేరాలి: 'వల్నరబుల్ టు ఫ్లడింగ్', 'వల్నరబుల్ టు బీయింగ్ ఎవిక్టెడ్'. నువ్వు ఒకచోట రాసిన 'వల్నరబుల్ టు ఎవిక్ట్' వ్యాకరణానికి నిలవదు. 'ఎట్ రిస్క్' అన్నప్పుడు మాత్రం వెనక 'ఆఫ్' గానీ 'ఫ్రమ్' గానీ వస్తుంది. ఏటా మునిగే లోతట్టు వీధిని 'ఫ్లడ్ ప్రోన్' అనవచ్చు. ఆ వీధిలో మంచం దిగలేని ముసలమ్మను అనకూడదు.

'కాన్సీక్వెంట్లీ', 'దేర్‌ఫోర్' అనేవి మన 'కాబట్టి'లా రెండు వాక్యాల మధ్య కామాతో ఇమిడిపోవు. వాటికి ముందు సెమీకోలన్ గానీ ఫుల్‌స్టాప్ గానీ ఉండాలి. తెలుగు మాధ్యమంలో చదివిన మనబోటివాళ్లం ఎక్కువగా జారేది ఇక్కడే. 'రిజల్ట్ ఇన్' వెనక ఫలితం, 'రిజల్ట్ ఫ్రమ్' వెనక కారణం వస్తాయి. రెండో అధ్యాయంలో వీటిని తారుమారు చేశావు.

అయితే అసలు చిక్కు వ్యాకరణంలో లేదు, ఏ కారణానికి ఎంత బరువు ఇవ్వాలో తేల్చుకోవడంలో ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి సుమారు 15,000 మందిని బలి తీసుకుందని అంచనా. ఆ తరువాత విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. నువ్వు 'ది ఫ్లడ్ రిజల్టెడ్ ఇన్ టూ రిజర్వాయర్స్' అని రాశావు. వరద జలాశయాలను కట్టదు కదా! నడుమ ఒక ప్రభుత్వ నిర్ణయం, ఒక ఇంజనీరు ప్రణాళిక, ఏళ్ల తరబడి కూలీల శ్రమ ఉన్నాయి. అక్కడ 'లెడ్ టు' చాలు. 2020 అక్టోబరు ముంపు గురించి రాసేటప్పుడు ఇంకా జాగ్రత్త అవసరం. అంత భారీ వాన కురిసినప్పుడు నాలాల ఆక్రమణ ఒక్కటే 'కాజ్డ్' అనడం అతిశయం; 'కాంట్రిబ్యూటెడ్ టు' అంటే ఆక్షేపించేవారికి సందు దొరకదు.

ఇక నీకు బాగా నచ్చినట్టున్న 'లీవింగ్' ప్రయోగం. 'ది నాలా వజ్ నారోడ్, లీవింగ్ ది బస్తీ వల్నరబుల్ టు ఫ్లడింగ్.' వాక్యం నున్నగా ఉంది, వ్యాకరణ దోషమూ లేదు. కానీ నాలాను ఇరుకు చేసినవాడు అందులోంచి చల్లగా జారుకున్నాడు. (మన దఫ్తర్ల ఇంగ్లీషుకు ఈ కర్మణి ప్రయోగమంటే ప్రాణం, ఎందుకో నీకూ తెలుసు.) ఇరుకు చేసిందెవరో నీ దగ్గర ఆధారం ఉంటే అతణ్ణే కర్తగా కూర్చోబెట్టు. లేకపోతే ఆధారం దొరకలేదని మరో వాక్యంలో ఒప్పుకో. కర్మణి ప్రయోగం చాటున దాచకు.

మూడో అధ్యాయంలో ఇలాంటి వాక్యాల కింద పెన్సిలుతో గీశాను. వాటిని తిరగరాసి, ఆ అధ్యాయం మట్టుకే ముందుగా పంపు. ముందుమాట జోలికి ఇప్పుడే వెళ్లకు.

శుభాకాంక్షలతో,
నీ శ్రేయోభిలాషి