గుడ్డు సంగతి తర్వాత, ముందు గుండె చూపించుకోండి

ప్రశ్న: నా వయసు 54. చిత్తూరులో కిరాణా కొట్టు ఉంది. ఆరేళ్లుగా షుగర్ మాత్రలు వాడుతున్నాను. ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 162 ఉందని డాక్టరు దాన్ని తగ్గించే అటార్వాస్టాటిన్ 10 మాత్ర రాశారు. రెండు నెలలకు 104కి దిగితే ఆపేశాను. అప్పట్నుంచి గుడ్డులో తెల్లసొన మాత్రమే తింటున్నాను. పచ్చసొన తినొచ్చా? వారానికి ఎన్ని? ఈమధ్య అలిపిరి మెట్లెక్కుతుంటే గాలిగోపురం చేరేలోపే గ్యాస్ పట్టి ఛాతీ బిగేసినట్టవుతోంది. కాసేపు కూర్చుంటే పోతుంది. మెడికల్ షాపులో ఇచ్చిన గ్యాస్ మాత్ర వేసుకుంటున్నాను.

జవాబు: మీరు గుడ్డు గురించి అడిగారు గానీ, నాకు కంగారు పుట్టించింది మీ చివరి మాటలే. మెట్లెక్కితే ఛాతీ బిగేయడం, కూర్చుంటే తగ్గడం గుండె రక్తనాళాలు సన్నబడినప్పుడు కనిపించే లక్షణం. పైగా షుగర్ ఉంది. మిమ్మల్ని చూడకుండా ఫలానా జబ్బేనని చెప్పలేను. కాదని తేలేదాకా మాత్రం గుండె నొప్పిగానే చూడాలి.

రేపే దగ్గర్లోని ఫిజీషియన్‌ను గానీ, గుండె డాక్టరును గానీ కలవండి. విశ్రాంతిగా ఉన్నప్పుడు తీసిన ఈసీజీ మామూలుగా వచ్చినా నిశ్చింతగా ఉండకండి. ఎకో (గుండె స్కానింగ్), టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ తీసే ఈసీజీ), అవసరమైతే యాంజియోగ్రామ్ (గుండె రక్తనాళాలను చూసే పరీక్ష)లలో ఏది కావాలో వాళ్లు నిర్ణయిస్తారు. టీఎంటీ మీ అంతట మీరు చేయించుకోవద్దు. అప్పటిదాకా కొండకు మెట్లదారిన వెళ్లొద్దు, కొట్లో బియ్యం మూటలు ఎత్తొద్దు. మొక్కు ఉంటే స్వామి ఆగుతాడు.

ఆ గ్యాస్ మాత్ర గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. గుండెపోటుతో మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది చొక్కా జేబులో సగం ఖాళీ అయిన గ్యాస్ మాత్రల షీటు ఉంటుంది. కూర్చున్నందుకు తగ్గిన నొప్పిని మాత్రకే తగ్గిందనుకుంటారు. ఆ నమ్మకంతో నెలలు గడిపేస్తారు. ఇంట్లోవాళ్లు సోడా తాగమంటారు, వాము నమలమంటారు. షాపులో కుర్రాడికి మీ షుగర్ సంగతి తెలుసా? ఊరికే కూర్చున్నప్పుడు నొప్పి వచ్చినా, కొన్ని నిమిషాల్లో తగ్గకపోయినా, చెమటలు పట్టినా, దవడకో ఎడమ చేతికో పాకినా 108కి ఫోన్ చేయండి. సొంతంగా బండి నడుపుకుంటూ ఆసుపత్రికి బయల్దేరొద్దు.

కొలెస్ట్రాల్ మాత్ర ఎందుకు ఆపారు? 104కి దిగిందంటే మాత్ర పనిచేస్తోందని అర్థం. ఆపిన కొద్ది వారాలకే మళ్లీ పాత అంకెకు చేరుతుంది. షుగర్ ఉన్నవాళ్లకు 104 కూడా ఎక్కువే. కండరాల నొప్పులేమైనా వచ్చి ఆపి ఉంటే అదీ డాక్టరుకు చెప్పండి, మార్చడానికి వేరే మందులున్నాయి.

ఇక గుడ్డు. ఒక పచ్చసొనలో సుమారు 185 మిల్లీగ్రాముల కొలెస్ట్రాల్ ఉంటుంది. అయితే ఒంట్లోని కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం కాలేయం తయారు చేసుకునేదే. ఎల్‌డీఎల్‌ను బాగా పెంచేది నెయ్యి, వనస్పతి, పామాయిల్ లాంటి వాటిలోని సంతృప్త కొవ్వు. ఆరోగ్యవంతులు రోజుకొక పూర్తి గుడ్డు తినొచ్చు. షుగర్ ఉన్నవాళ్ల విషయంలో అధ్యయనాలు ఒక్క మాట మీద లేవు కాబట్టి మీరు ప్రస్తుతానికి వారానికి మూడు, నాలుగు పచ్చసొనలకు మించొద్దు. తెల్లసొనకు, కిడ్నీ సమస్య లేకపోతే, అంత లెక్క అక్కర్లేదు. ఉడికించిందో, సంగటిలోకి గుడ్డు పులుసో మేలు. పచ్చసొన పారేసి పొద్దున్నే నెయ్యి కారం దోసె తింటే మాత్రం లాభం లేదు.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు పాత లిపిడ్ (కొలెస్ట్రాల్) రిపోర్టులు రెండూ, వాడుతున్న మాత్రల షీట్లన్నీ, ఆ గ్యాస్ మాత్రతో సహా, తీసుకెళ్లండి.