నేల మీద యుద్ధ విమానం: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: విమానానికి బయటి నుంచి కరెంటు 400 హెర్ట్జ్‌లో ఇస్తారట. మన ఇళ్లకు వచ్చే 50 హెర్ట్జ్ పనికిరాదా? ఆ ప్లగ్గులో రెండు పిన్నులు పొట్టిగా ఎందుకుంటాయి?
– డిప్లొమా విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: అంతా బరువు కోసమే. ఫ్రీక్వెన్సీ పెరిగితే ట్రాన్స్‌ఫార్మర్‌లో ఇనుప కోర్ చిన్నదైనా సరిపోతుంది. మోటార్లదీ అదే లెక్క. నాలుగు పోల్స్ మోటారులో అయస్కాంత క్షేత్రం 50 హెర్ట్జ్‌కు నిమిషానికి 1500 చుట్లు తిరిగితే, 400కు 12,000 తిరుగుతుంది. అంత వేగం ఉంటే అదే పని చిన్న మోటారే చేసేస్తుంది. అందుకే గ్రౌండ్ పవర్ యూనిట్లు (నేల మీదున్న విమానానికి కరెంటిచ్చే యంత్రాలు) 115/200 వోల్టుల త్రీఫేజ్‌ను 400 హెర్ట్జ్‌లో ఇస్తాయి. 400 హెర్ట్జ్ కోసం చేసిన ఈ సామగ్రికి అదే వోల్టేజీని 50 హెర్ట్జ్‌లో ఇచ్చారంటే కోర్ శాచురేట్ అయి (ఇక అయస్కాంతత్వం పట్టలేని స్థితికి వచ్చి), కరెంటు విపరీతంగా లాగి వైండింగ్ మాడిపోతుంది.

ఆరు పిన్నుల్లో నాలుగు లావువి: మూడు ఫేజులు, ఒక న్యూట్రల్. పొట్టి పిన్నులు రెండూ విమానంలోని కాంటాక్టర్‌ను (బయటి కరెంటును లోపలికి కలిపే పెద్ద స్విచ్చిని) పట్టి ఉంచే సర్క్యూట్‌వి. ప్లగ్గు పెట్టేటప్పుడు అన్నిటికన్నా చివర తగులుతాయి, లాగేటప్పుడు ముందే ఊడతాయి. లావు పిన్నులు బయటికొచ్చేసరికి కాంటాక్టర్ తెరుచుకుని లోడు పోయి ఉంటుంది కాబట్టి ఆర్కింగ్ జరగదు, అంటే మెరుపులా నిప్పు ఎగరదు. అలాగని దీన్నే స్విచ్చిలా వాడుకోకూడదు. ముందు కాక్‌పిట్‌లో కరెంటు వాడే పరికరాలు ఆపేసి, తర్వాత యూనిట్ అవుట్‌పుట్ ఆపి, ప్లగ్గు పట్టుకుని తిన్నగా లాగాలి. కేబుల్ పట్టి గుంజినా, దాని బరువు ప్లగ్గు మీద వేలాడినా సాకెట్ వదులవుతుంది. వదులైన చోట వేడెక్కి నల్లబడుతుంది. నల్లబడిన ప్లగ్గు కనిపిస్తే ఉప్పుకాగితంతో రుద్ది మళ్లీ వాడకండి, మార్చేయండి.

ప్రశ్న: మా షాపులో లారీ టైర్లకు కంప్రెసర్ గాలే కొడతాం. విమానం టైరుకు నైట్రోజనే ఎందుకు?
– టైరు షాపు యజమాని, బాపట్ల

జవాబు: గాలిలో 21 శాతం ఆక్సిజన్ ఉంటుంది. దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కితే చక్రం, టైరు లోపలి రబ్బరు బాగా కాగి మండే ఆవిర్లు విడుదలవుతాయి. వాటికి ఆక్సిజన్ తోడైతే టైరు లోపలే అంటుకుని పేలవచ్చు. 1986 మార్చి 31న మెక్సికానా సంస్థ బోయింగ్ 727కు జరిగింది ఇదే. టైరులో గాలి నింపి ఉంది, బ్రేకు పట్టేసి వేడెక్కింది, ఎగిరాక టైరు పేలింది. 167 మంది పోయారు. అది పౌర విమానమే అయినా, ఫైటర్ చక్రానికీ అదే భౌతికశాస్త్రం. పెద్ద రవాణా విమానాల నిబంధనల్లో టైరు లోపల ఆక్సిజన్ 5 శాతానికి మించకూడదని ఉంది. నైట్రోజన్‌లో తేమ ఉండదన్నది రెండో లాభం.

నింపడంలో అసలు ప్రమాదం సిలిండర్ వైపు ఉంది. అందులో దాదాపు 150 బార్, అంటే 2,200 పీఎస్‌ఐ ఉంటుంది. టైరుకు కావాల్సింది దాంట్లో చిన్న వంతే. రెగ్యులేటర్, సేఫ్టీ వాల్వు లేకుండా నేరుగా కలిపితే రిమ్ము ముక్కలై మనిషిని చంపుతుంది. రంగు చూసుకోండి: మన దేశంలో నైట్రోజన్ సిలిండర్ బూడిద రంగు, మెడ నలుపు, ఆక్సిజన్ సిలిండర్ నలుపు. రంగు చూశాక లేబుల్ కూడా చదవండి. చక్రానికి ముందో వెనకో ఉండి పనిచేయాలి, పక్కన ఇరుసు వరసలో నిలబడొద్దు.

దిగాక కనీసం రెండు గంటలు ఆగి, టైరు చల్లారాకే ప్రెషర్ కొలవాలి. వేడి టైరులో ఎక్కువ చూపించిందని తీసేస్తే తెల్లారేసరికి తక్కువైపోతుంది. ఉష్ణోగ్రత 3 డిగ్రీలు మారితే ప్రెషర్ సుమారు 1 శాతం మారుతుంది. హైదరాబాద్ ఎండలో 42 డిగ్రీల దగ్గర సరిచూసిన టైరు, మైనస్ 10 ఉన్న లేహ్‌లో దిగితే దాదాపు 17 శాతం తక్కువ చూపిస్తుంది. రెండు చోట్ల మధ్య 27 డిగ్రీలకు మించి తేడా ఉంటే చల్లటి చోటుకు సరిపోయేలా నింపుకోవాలి.

ప్రశ్న: హైడ్రాలిక్ ట్రాలీలో (నేల మీద విమానానికి ప్రెషర్‌తో నూనె పంపే బండిలో) నూనె తేటగానే ఉంది. అయినా విమానానికి కలిపే ముందు పరీక్ష దేనికి?
– ఐటీఐ శిక్షకుడు, వరంగల్

జవాబు: కంటికి ఆనే రేణువు సుమారు 40 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). నూనె ప్రవాహాన్ని అదుపు చేసే సర్వో వాల్వులో సందు కొద్ది మైక్రాన్లే. అంటే వాల్వును పట్టేసే మురికి మీకు కనిపించదు, నూనె తేటగానే ఉంటుంది. అందుకే ముందు ట్రాలీ నూనెను దాని ఫిల్టర్ల గుండా దానికదే కాసేపు తిప్పి, శాంపిల్ తీసి రేణువులు లెక్కించాలి. తర్వాత రెండు వైపుల కప్లింగులూ తుడిచి కలపాలి. మురికి ఎక్కువగా వచ్చేది ఇక్కడే: మూత పెట్టకుండా నేల మీద పడేసిన హోస్ చివర నుంచి.

నూనె రకం కూడా చూడాలి. ఎర్రటి మినరల్ నూనె సిస్టంలో పౌర విమానాల ఊదారంగు ఫాస్ఫేట్ ఎస్టర్ కలిసిందంటే సీళ్లు ఉబ్బి పాడవుతాయి.

3,000 పీఎస్‌ఐ ఎక్కించే ముందు ల్యాండింగ్ గేర్ లాక్ పిన్నులు ఉన్నాయా, గేర్ లివర్ కిందికే ఉందా, ఎయిర్‌బ్రేక్ దగ్గరా కంట్రోల్ సర్ఫేసుల (విమానాన్ని తిప్పే కదిలే రెక్క పలకల) దగ్గరా ఎవరూ లేరు కదా అని చూసుకోవాలి. ఒక మనిషి కాక్‌పిట్‌లో ఉండాలి. ప్రెషర్ రాగానే, లివర్ ఎక్కడుంటే గేర్ అటే కదులుతుంది. లీకును చేత్తో తడిమి వెతకొద్దు, అట్ట ముక్క అడ్డం పెట్టి చూడండి. సూదిమొన రంధ్రంలోంచి వచ్చే నూనె చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న చుక్కే, మొదట నొప్పీ ఉండదు, కానీ గంటల్లో ఆపరేషన్ కావాల్సి వస్తుంది. నొప్పి లేదని ఇంటికి పంపడమే ఇందులో పెద్ద పొరపాటు.

ప్రశ్న: బోల్టుకు టార్క్ (బిగింపు బలం) సరిపోయింది కానీ, బోల్టు వదులు కాకుండా కట్టే లాకింగ్ వైర్ రంధ్రం వరసకు రాలేదు. కొంచెం వదులు చేయవచ్చా?
– అప్రెంటిస్, నాసిక్

జవాబు: చేయకూడదు. మాన్యువల్ ఇచ్చిన టార్క్ పరిధిలో కింది అంకెతో మొదలుపెట్టి, పై అంకె దాటకుండా బిగిస్తూ రంధ్రం కలుస్తుందేమో చూడండి. కలవకపోతే వాషరో బోల్టో మార్చండి. వైరు బోల్టును బిగిసే వైపే లాగాలి. 0.8 మి.మీ. వైరుకు అంగుళానికి 6 నుంచి 8 మెలికలు చాలు. ఎక్కువ తిప్పితే పెళుసై తెగుతుంది. ఒకసారి విప్పిన వైరు మళ్లీ వాడొద్దు. కత్తిరించిన ముక్కలన్నీ ఏరి డబ్బాలో వేయండి.